చీటీ మీద ఏం రాయాలి?

మండపేటలాంటి ఊళ్ళలో కూడా ఇప్పుడు రంగుచేపల కొట్లు వెలిశాయి. చెన్నై కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో ఆక్సిజన్ నింపిన సంచుల్లో చేపలు దిగుతాయి. సంచితో పాటు ఒక పేరూ దిగుతుంది. ఆ పేరే తొట్టి మీద చీటీ అవుతుంది, కొన్నవాళ్ళ ఇంట్లో అదే స్థిరపడుతుంది. మీసాల చేపల విషయంలో ఆ పేరు తప్పు కావడం చాలా మామూలు. ఇది పట్టించుకోవలసిన తప్పని నా నమ్మకం. కానీ అవతలి పక్షానికీ బలం ఉంది. అందుకని ఇద్దరిని కల్పించి వాళ్ళ చేత మాట్లాడిస్తున్నాను. బావకి మండపేటలో అక్వేరియం కొట్టు ఉంది. బావమరిది కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాడు.

బావమరిది: బావా, ఈ చీటీ ఎవరు రాశారు? "ప్లెకో, ట్యాంకు క్లీనరు, చిన్న సైజు" అని ఉంది.

బావ: నేనే రాశానోయ్. జనం సక్కర్ అని అడుగుతారు. అద్దానికి పట్టిన పాకుడు గీరి తింటుందని పట్టుకెళ్తారు. యాభై రూపాయలు కూడా చెయ్యని చేప. దానికి లాటిన్ పేరు రాయలేదని నిలదీయడానికొచ్చావా?

బావమరిది: లాటిన్ సంగతి తర్వాత. నేను అడిగేది "చిన్న సైజు" గురించి. ఇప్పుడు రెండంగుళాలుంది, నిజమే. తిండి బాగుంటే అడుగు దాటి, అడుగున్నర దగ్గరికి వెళ్తుంది. రెండడుగుల తొట్టిలో అది వెనక్కి కూడా తిరగలేదు. పైగా పెద్దదయ్యేకొద్దీ పాకుడు మీద శ్రద్ధ తగ్గి, పక్క చేపలకి వేసిన తిండి మీద పడుతుంది. నువ్వు క్లీనరని అమ్మింది చివరికి అందరికంటే ఎక్కువ మురికి చేసేదవుతుంది.

బావ: నా దగ్గరికి వచ్చిన లిస్టులో "హైపోస్టోమస్ ప్లెకోస్టోమస్" అని స్పష్టంగా రాసుంది. పుస్తకాల్లోనూ ఆ పేరే చూశాను. దేశమంతా అదే అంటుంటే నా ఒక్కడి చీటీయే తప్పా?

బావమరిది: దేశమే కాదు, ప్రపంచమంతా ఏళ్ళ తరబడి ఆ పేరుతోనే అమ్మింది. ఆ పేరు లిన్నేయస్ 1758లో సూరినాం నుంచి వచ్చిన చేపకి పెట్టాడు. ఆ అసలు చేప అక్వేరియం వ్యాపారంలోకి దాదాపు రాదు. చెరువుల్లో లక్షలకొద్దీ పిల్లలు తీసి అమ్మేది టెరిగోప్లిక్తిస్ అనే వేరే ప్రజాతి చేపల్ని. తేడా పట్టుకోవడానికి ప్రయోగశాల అక్కర్లేదు. వీపు రెక్క విప్పినప్పుడు ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఈనెలు లెక్కపెట్టు. ముందుండే గట్టి ముల్లు వదిలేసి మెత్తటి ఈనెలు మాత్రమే లెక్కించాలి. హైపోస్టోమస్‌కి మామూలుగా ఏడుంటాయి. తొమ్మిదో, పదో, అంతకు మించో ఉంటే టెరిగోప్లిక్తిస్. అందుకే దాని రెక్క తెరచాపలా పెద్దగా కనిపిస్తుంది.

బావ: సరే, తొమ్మిది దాటాయనుకుందాం. అప్పుడైనా దాని పూర్తి పేరు నువ్వు చెప్పగలవా?

బావమరిది: కొంతవరకు. పొట్ట చూడాలి. అద్దానికి కరుచుకుని ఉంటుంది కనక పొట్ట చూడటం తేలికే. విడివిడిగా నల్లటి మచ్చలుంటే పార్డాలిస్ అంటారు. మచ్చలు కలిసిపోయి పురుగులు పాకిన గీతల్లా ఉంటే డిస్‌జంక్టివస్. రెండూ కలిసిన సంకరాలు చాలా ఉన్నాయి. మచ్చలూ గీతలూ కలగలిసిన పొట్ట కనిపిస్తే నేను జాతి పేరు చెప్పను. టెరిగోప్లిక్తిస్ అని అక్కడే ఆగుతాను.

బావ: చూశావా! చదువుకున్న నువ్వే ఆగిపోతావు. నన్ను మాత్రం రాయమంటావు.

బావమరిది: ఎక్కడ ఆగాలో తెలియడమే నేను నిన్ను అడిగేది బావా. మొదటి లెక్కతోనే నీకు కావలసింది తెలిసిపోయింది. ఈనెలు తొమ్మిదికి తగ్గకపోతే ఆ చేప పెద్దదవుతుంది, చిన్న తొట్టికి పనికిరాదు. ఇది చెప్పడానికి పార్డాలిసా, డిస్‌జంక్టివసా అన్నది తేలక్కర్లేదు.

బావ: నీ లెక్క తిరగేసి చూడు. ఈనెలు ఏడే ఉంటే చిన్న చేప అనేనా?

బావమరిది: అలా అనలేం. హైపోస్టోమస్‌లోనూ పెద్దగా పెరిగేవి ఉన్నాయి. కాకపోతే మన కొట్లకి ఏడు ఈనెలతో వచ్చేది ఎక్కువగా ఆన్సిస్ట్రస్, మీరు బ్రిసిల్‌నోస్ అనేది. ఎదిగిన మగదానికి మూతి మీద కొమ్మల్లా కండ మొలుస్తుంది. పిల్లల్లో అది కనిపించదు కనక సక్కర్ పిల్లల్లో కలిసిపోతుంది. నాలుగైదు అంగుళాల దగ్గర ఆగుతుంది, పాకుడు బాగా తింటుంది. నువ్వు చీటీ మీద రాసిన మాటలన్నీ అక్షరాలా దానికి సరిపోతాయి. చీటీ ఒక చేపది, తొట్టిలో ఉన్నది ఇంకొకటి.

(ఈ ఒక్క పరీక్ష నేర్చుకుంటే చాలా ఇళ్ళలో చాలా చేపలు బాధపడకుండా బతుకుతాయి. మీసాల చేపల గురించి తెలుగులో రాసేవాళ్ళు ఇంకేం రాసినా రాయకపోయినా ఈనెల లెక్క తప్పకుండా రాయాలంటాను.)

బావ: ఇప్పుడు నా మాట విను. మీ శాస్త్రవేత్తలు మాత్రం తక్కువ తిన్నారా? గ్లాస్ క్యాట్‌ఫిష్ సంగతి తీసుకో. ఒళ్ళంతా అద్దంలా ఉండి, వెన్నెముక బయటికి కనిపించే చేప. థాయ్‌లాండ్ నుంచి కొన్ని దశాబ్దాలు వచ్చింది. పుస్తకాల్లో క్రిప్టోప్టెరస్ బిసిర్రిస్ అన్నారు, తర్వాత మైనర్ అన్నారు. చివరికి 2013లో ఆ రెండూ కాదు, దీనికసలు పేరే పెట్టలేదని తేల్చి విట్రియోలస్ అని కొత్త పేరు పెట్టారు. అన్నేళ్ళూ తప్పు పేరుతో అమ్మిన కొట్లవాళ్ళు ఏ పాపం చేసినట్టు?

బావమరిది: ఏ పాపమూ లేదు. ఆ తప్పు శాస్త్రానిదే, శాస్త్రమే దిద్దుకుంది.

బావ: కోరిడోరాస్ కూడా అంతే. నేను "బ్రాంజ్ కోరీ" అని అమ్ముతాను. దాన్ని కోరిడోరాస్ ఏనియస్ అని నేర్చుకున్నాను. 2024లో ఆ ఉపకుటుంబమంతా తిరగేసి, దాన్ని ఆస్టియోగాస్టర్‌లోకి మార్చారట. మరి కొన్నిటిని హోప్లిసోమా అన్నారు, ఇంకొన్నిటిని బ్రోకిస్ అన్నారు. మీరే నిలకడగా ఉండరు. సక్కర్, బ్రాంజ్ కోరీ అని నేను పిలిచే పేర్లు మాత్రం మారలేదు. నా దగ్గర కొన్న పిల్లాడు పదేళ్ళ తర్వాత వచ్చినా అదే పేరుతో అడుగుతాడు. నిలకడ ఎవరి దగ్గరుందో నువ్వే చెప్పు.

బావమరిది: మాట బాగుంది. ప్రజాతి పేరు మారినా ఆ కోరీ పెరిగే సైజు మారలేదు, తినే తిండి మారలేదు, మంద లేకపోతే బెదిరిపోయే గుణమూ మారలేదు. చుట్టరికం మీద కొత్త అవగాహన వచ్చి పేరు మార్చడం వేరు, ఒక చేప పేరు తెచ్చి ఇంకో చేపకి అంటించడం వేరు. మొదటిదానివల్ల నీ గిరాకీకి ఏ నష్టమూ లేదు.

బావ: రెండోదానివల్ల మాత్రం ప్రతిసారీ నష్టమేనా? జూలీ కోరీ అని నా దగ్గరుంది చూడు. అది జూలీ కాదు, ట్రైలినియేటస్ అని నాకూ తెలుసు. తల మీద విడివిడి చుక్కలుంటే జూలీ, చుక్కలు కలిసిపోయి వంకర గీతలైతే ట్రైలినియేటస్. అసలు జూలీ బ్రెజిల్ నుంచి ఎప్పుడో గాని రాదు. పెరూ వైపు నుంచి వచ్చేదీ, ఫారాల్లో పెంచేదీ అంతా ట్రైలినియేటసే. అయినా రెండింటి పెంపకం ఒకటే, సైజూ ఇంచుమించు ఒకటే. జూలీ అని రాస్తే ఎవరికి నష్టం?

బావమరిది: కొని పెంచుకునేవాళ్ళకి దాదాపు ఏమీ లేదు. పిల్లలు తీయాలనుకునేవాళ్ళకి మాత్రం ఉంది. రెండు చోట్ల కొన్న రెండు రకాల్ని ఒకటే అనుకుని జతకలుపుతారు. అది అరుదు కాబట్టి ఇక్కడ నీదే గెలుపు. కానీ తెలిసీ ట్రైలినియేటస్‌ని జూలీ అని ఎందుకు రాస్తావు?

బావ: ఆ పేరుకే గిరాకీ కాబట్టి.

బావమరిది: ఆ మాట నీ నోట వచ్చింది కనక ఇక్కడితో వదిలేస్తాను. మన ఊరి చేపల సంగతికి వద్దాం. వేసవిలో మండపేట కాలువ కట్టేశాక మడుగుల్లో దొరికే జెల్లలు నీకు తెలుసుగా?

బావ: తెలియకేం, ముల్లు గుచ్చుకుంటే చెయ్యి రాత్రంతా సలుపుతుంది. ఇగురు మాత్రం అద్భుతంగా ఉంటుంది.

బావమరిది: ఆ జెల్లే పెద్ద ఊళ్ళ అక్వేరియాల్లో "స్ట్రైప్డ్ డ్వార్ఫ్ క్యాట్‌ఫిష్". కోల్‌కతా నుంచి బయటి దేశాలకీ వెళ్తుంది. సంచి మీద మిస్టస్ విట్టాటస్ అని ఉంటుంది. ఆ పేరు 1794లో బ్లాక్ అనే శాస్త్రవేత్త పెట్టాడు, తరంగంబాడి నుంచి వచ్చిన చేపకి. 1822లో హామిల్టన్ గంగ చేపల పుస్తకంలో టెంగారా, కవాసియస్, గులియో, కార్సియో అని ఇంకొన్నిటిని చేర్చాడు. అప్పటినుంచి ఒంటి మీద చారలున్న ప్రతి జెల్లకీ విట్టాటస్ అనో టెంగారా అనో చేతికందిన పేరు పెట్టేస్తూ వచ్చారు. 2010 వచ్చాక గాని ఈశాన్య రాష్ట్రాల పరిశోధకులు కార్సియోనీ టెంగారానీ మళ్ళీ శ్రద్ధగా వర్ణించలేదు.

బావ: చార అందరికీ ఉంటే ఎలా గుర్తుపట్టాలి?

బావమరిది: చార చూడటమే తప్పు. నీళ్ళు మారితే, చేప బెదిరితే చారలు వెలిసిపోతాయి. మీసం, కొవ్వు రెక్క చూడాలి. వీపు మీద మొదటి రెక్క వెనకాల ఈనెలు లేకుండా మెత్తగా ఉండేదే కొవ్వు రెక్క. అది పొట్టిగా ఉండి, మొదటి రెక్కకి బాగా దూరంగా మొదలైతే విట్టాటస్. పొడుగ్గా ఉండి, మొదటి రెక్క అయిపోయీ అవగానే మొదలైతే టెంగారా అయ్యే అవకాశం ఎక్కువ. చారలు లేకుండా వెండి రంగులో ఉండి, కొవ్వు రెక్క మొదటి రెక్కని అంటుకుని, మీసం తోక దాకా వెళ్తే కవాసియస్. విట్టాటస్ మామూలుగా నాలుగైదు అంగుళాల చేప. కవాసియస్ అడుగు దాటగలదు. కొవ్వు రెక్క చిన్నదిగా ఉండి, చారల్లేకుండా ముదురు రంగులో ఉంటే గులియో. అది కోరంగి వైపు ఉప్పుటేరుల్లో ఎక్కువ, కాస్త ఉప్పు నీళ్ళు ఇష్టపడే చేప.

బావ: ఇందులో ప్రమాదమైనది ఏది?

బావమరిది: ఇవేవీ కావు. వీటి మధ్యలో కలిసిపోయి వచ్చే ఇంకోటుంది. కొవ్వు రెక్క వెనక అంచున ఒక్కటే నల్లటి మచ్చ ఉంటుంది. అది జెల్లల్లో పెద్దదైన స్పెరాటా పిల్ల, మీటరు దాటి పెరుగుతుంది. దాన్ని డ్వార్ఫ్ అని చిన్న టెట్రాలతో కలిపి అమ్మితే, తెల్లారేసరికి టెట్రాలు ఉండవు. కొన్నవాళ్ళు తొట్టికి రోగమొచ్చిందనుకుంటారు. ఇప్పుడు చెప్పు, పేరు తప్పయితే నష్టం లేదా?

బావ: ఇది కొత్తగా విన్నాను. ఆ మచ్చ చూసి పక్కన పెట్టడం కష్టమేం కాదు.

బావమరిది: మన గోదావరి చేపలే ఇంకా పూర్తిగా తేలలేదు బావా. రీటా ప్రజాతిలో కొత్తదొకటి గోదావరిలో ఉందని లక్నో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ వాళ్ళు పదేళ్ళ కిందట తేల్చారు. రీటా బకలు అని పేరు పెట్టారు. అదేమీ ఆ ఏడాది పుట్టిన చేప కాదు. మన వలల్లో ఎన్నాళ్ళుగానో పడుతూనే ఉంది.

బావ: అదే నేననేది! నదిలో చేపకే అంత కాలం పట్టింది. నా కొట్లో రెండంగుళాల పిల్లకి ఖచ్చితమైన పేరు ఎవరు చెప్పగలరు? సంచి దిగుతుంది, చేపలు అలసిపోయి ఉంటాయి, వెంటనే నీళ్ళలో దింపాలి. లెన్సు పట్టుకుని మీసాలు కొలిచే తీరిక నాకెక్కడిది?

బావమరిది: నేను ఖచ్చితమైన పేరు అడగడం లేదు. నిజమైన పేరు అడుగుతున్నాను. "జెల్ల రకం" అని రాయి, చాలు. అది నిజం. "విట్టాటస్" అని రాశావంటే చూశాననీ, తేల్చుకున్నాననీ చెప్పినట్టే. చూడలేదు కదా. దీనికి మంచి ఉదాహరణ ఉంది. బ్రెజిల్ నుంచి పేరు లేని సక్కర్లు కుప్పలుగా వస్తుంటే జర్మనీలో డాట్స్ అనే అక్వేరియం పత్రిక 1988లో వాటికి అంకెలివ్వడం మొదలుపెట్టింది. ఎల్ ఒకటి, ఎల్ రెండు, అలాగ. తెలియని చేపకి దొరికిన పేరు తగిలించకుండా, ఇది ఫలానా చోట దొరికింది, పేరు తేలలేదు అని ఫొటోతో సహా ఒప్పుకున్నారు. వ్యాపారం ఆగలేదు. ఇప్పుడు కొనేవాళ్ళు ఆ అంకెలు చెప్పే అడుగుతారు. ఎల్ 46 అంటే జీబ్రా ప్లెకో అని నీకూ తెలుసు. దానికి శాస్త్రీయ నామం 1991లో వచ్చింది.

బావ: వాళ్ళది జర్మనీ. ఇక్కడ "పేరు తేలలేదు" అని రాస్తే సరుకే తెలియని కొట్టనుకుని ఎదురు కొట్టుకి పోతారు. "అడుగున్నర పెరుగుతుంది" అని రాస్తే సక్కర్ ఒక్కటీ అమ్ముడవదు. కొట్టు అద్దె నువ్వు కడతావా?

బావమరిది: కడియం నర్సరీలో కొత్తపల్లి కొబ్బరి అని మామిడి అంటు కొన్నాననుకో. ఐదేళ్ళు నీళ్ళు పోసి పెంచాక వేరే కాయ కాస్తే, ఆ అమ్మినవాడి దగ్గర ఇంకో మొక్క కొంటానా? నీ సక్కర్ ఏడాదిలోనే బయటపడుతుంది.

బావ: బయటపడితే తెచ్చి నాకే ఇస్తారు.

బావమరిది: అందరూ ఇస్తున్నారా?

బావ: లేదు.

బావమరిది: మరి ఎక్కడికి పోతున్నాయి?

బావ: కాలువలో వదిలేస్తారోయ్. చంపలేరుగా. జీవి కదా, బతకనీ అని వదులుతారు. దాంట్లో పాపం ఏముందనుకుంటారు. వదిలేది నేను కాదు.

బావమరిది: వదిలేది నువ్వు కాదు. కాని వదలక తప్పని పరిస్థితికి ఆ ఇంటిని తెచ్చింది "చిన్న సైజు" అన్న నీ చీటీ. అడుగున్నర చేప అని తెలిస్తే మొదటే కొనేవాళ్ళు కాదు. ఆ తర్వాత జరిగేది చూడు. మన చేపల రైతులు దెయ్యం చేప అంటున్నది దీన్నే. ఒళ్ళంతా పెంకులు, ముళ్ళు. వలలో పడితే వల చిరుగుతుంది. సంతలో ఎవరూ కొనరు. శీలావతికీ బొచ్చెకీ వేసిన మేత తింటుంది. గట్లకి బొరియలు తవ్వి లోపల గుడ్లు పెడుతుంది, మగది కాపలా కాస్తుంది. నీళ్ళలో ఊపిరాడకపోతే పైకొచ్చి గాలి మింగి బతుకుతుంది. అందుకే మన మురుగు కాలువల్లోనూ దానికి ఢోకా లేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థ వాళ్ళు నీళ్ళలో మిగిలే డీఎన్ఏ ఆధారంగా వెతికి, తూర్పు కనుమల్లో తాము చూసిన నీటి వనరుల్లో 60 శాతం చోట్లకి ఈ చేప పాకిందన్నారు. అమెజాన్ నది చేప అది. తనంతట తాను ఇక్కడికి ఈదుకుంటూ రాలేదు.

బావ: (కాసేపాగి) గట్టు కూలిందని మొన్న మా పెదనాన్నగారి అబ్బాయి అన్నాడు. ఎలకలనుకున్నాం.

బావమరిది: ఎలకలే కావచ్చు, నేను చూడలేదు. బొరియ నీటి మట్టానికి కింద ఉంటే ఎలకని అనుమానించకు.

బావ: మంచిది, చూస్తాను. కానీ ఒక్కటి చెప్పు. షార్క్ అని అమ్ముతున్నాం కదా, ఆ చేప సంగతి నువ్వు ఎత్తలేదేం? చుట్టుపక్కల చెరువుల్లో టన్నులకొద్దీ పెంచే ఫంగస్ చేపే అది. పంగాసియానోడాన్ పిల్ల. ఆకివీడు, కైకలూరు రైతుని అడిగినా ఎంత పెరుగుతుందో చెబుతాడు. అయినా మన ఊళ్ళోనే నాన్నలు పిల్లలకి షార్క్ అని కొనిపెడతారు. తెలిసినవాళ్ళు కూడా కొంటారు. అంటే చీటీ మార్చినంత మాత్రాన కొనడం ఆగదు. నువ్వు చీటీ మీద పెట్టుకున్న నమ్మకం ఎక్కువ.

బావమరిది: ఇది నేను కాదనలేను. చీటీ ఒక్కటీ సరిపోదు. కానీ తప్పు చీటీ తెలుసుకోవాలనుకునేవాడి దారిని కూడా మూసేస్తుంది. షార్క్ అన్న చీటీ చూసి ఇంటికెళ్ళి చదువుకున్నవాడికి సముద్రపు చేపల గురించి తెలుస్తుంది. ఫంగస్ పిల్ల అని ఉంటే పక్క చెరువు రైతునే అడుగుతాడు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని కేంద్రం 2000లో నిషేధించింది. మన నాటు చేప మార్పు పేరు కింద అది ఇప్పటికీ అమ్ముడవుతూనే ఉంది. పేరు పట్టింపు లేనిచోట నిషేధం కూడా పనిచెయ్యదు.

బావ: సరే, తెగేదాకా లాగకు. నేను చెయ్యగలిగింది చెబుతాను. చీటీ మీద మూడు మాటలు రాస్తాను. ఏ రకమో తెలిసినంత వరకు, పూర్తిగా పెరిగితే ఎంతవుతుందో, పెద్దదైతే నాకే తిరిగి ఇవ్వమనీ. తిరిగిచ్చినవాటిని ఏం చెయ్యాలో నువ్వు చూడాలి. సక్కర్లు అమ్మడం మానెయ్యమంటే మాత్రం మానను. పెద్ద తొట్టెలున్నవాళ్ళు అడుగుతారు.

బావమరిది: పెద్ద తొట్టి ఉందని చూపించినవాళ్ళకే అమ్ము.

బావ: ఇంటింటికీ వెళ్ళి చూడమంటావా?

బావమరిది: ఫొటో అడుగు. చేప ఫొటో నేను తియ్యమన్నాను, తొట్టి ఫొటో వాళ్ళు తీస్తారు.

బావ: అది ఆలోచిస్తాను. ఒప్పుకున్నట్టు కాదు.

ఇద్దరి మధ్యా ఈ చివరి తేడా తీరలేదు. నా తీర్పు అడిగితే, సక్కర్ అమ్మకం విషయంలో నేను బావమరిది పక్షం. అడుగున్నర పెరిగే చేపని తొట్టి చూడకుండా అమ్మకూడదు. లాటిన్ పేర్ల విషయంలో బావ మాటే సబబు. కొట్టువాడి నుంచి పరిశోధకుడి పని ఆశించడం అన్యాయం. అయితే చూడని వివరం రాయకుండా ఉండటం ఎవరికైనా సాధ్యమే.

కొనేవాళ్ళకి నా విన్నపం ఇది. ఈసారి సక్కర్ కొనే ముందు వీపు రెక్క విప్పేదాకా రెండు నిమిషాలు ఆగండి. మెత్తటి ఈనెలు తొమ్మిదికి తగ్గకపోతే వదిలేసి బ్రిసిల్‌నోస్ అడగండి. ఇప్పటికే ఇంట్లో పెరిగిపోయిన చేప ఉంటే కొన్నచోటే తిరిగి ఇవ్వండి, లేదా పెద్ద తొట్టి ఉన్నవాళ్ళకి ఇవ్వండి. మండపేట కాలువలో గాని, తుల్యభాగలో గాని, ఊరి చెరువులో గాని మాత్రం వదలకండి.